కొండ దిగేటప్పుడు ఏ గేరు? మాన్యువల్, ఆటోమేటిక్ కార్ల గురించి ఒక ప్రసంగం

(తిరుపతిలో కారు కొనదలచిన వారికి, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇంతమంది పెద్దలు, విద్యార్థులు సెలవు రోజు సాయంత్రం కారు గేరు పెట్టె గురించి వినడానికి వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఆటోమొబైల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కూరగాయలకు వెళ్లినా, కపిలతీర్థం వైపు నడకకు వెళ్లినా ఈ మధ్య నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, కారు కొందామనుకుంటున్నాం. ఆటోమేటిక్ తీసుకోమంటారా, మామూలు గేర్ల బండి తీసుకోమంటారా?" నిలబడిన చోట ఒక్క మాటలో జవాబు చెప్పి పంపడం నాకెప్పుడూ తృప్తినివ్వలేదు. మన ఊరిలో కారు కొన్నవాడు మొదట చేసే పని దానికి పూజ చేయించి కొండకు తీసుకువెళ్లడం. చదునైన ఊళ్లలో ఉన్నవాళ్లు ఏడాదికొకసారి చూసే ఘాట్ రోడ్డును మనం నెలకొకసారి ఎక్కి దిగుతాం. మదనపల్లె వెళ్తే బాకరాపేట కనుమ, బెంగళూరు వెళ్తే మొగిలి ఘాట్ తప్పవు. కాబట్టి గేరు పెట్టె గురించి మనం మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువే తెలుసుకోవాలి.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్న ముఖ్య విషయాన్ని ముందే చెబుతాను. ఆటోమేటిక్ కారు క్లచ్ తొక్కే శ్రమను మన ఎడమ కాలి నుంచి, గేరు మార్చే శ్రమను ఎడమ చేతి నుంచి తీసేస్తుంది. ఆ మేలు చిన్నది కాదు. అయితే కొండ దిగేటప్పుడు బండి ఏ గేరులో ఉండాలన్న నిర్ణయం మాత్రం చాలా ఆటోమేటిక్ కార్లలో ఇప్పటికీ నడిపేవారే తీసుకోవాలి. కారు అమ్మేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు, డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఎవరూ నేర్పడం లేదు. నా బాధంతా అదే.

అసలు గేర్లు ఎందుకు ఉండాలో మొదట చూద్దాం. ఎద్దు ఆగి ఉన్న బండిని మెడ వంచి నిలబడ్డ చోటి నుంచే లాగుతుంది. పెట్రోలు ఇంజిన్‌కు ఆ శక్తి లేదు. నిమిషానికి కనీసం 700, 800 చుట్లు తిరుగుతూ ఉంటేనే అది బతికి ఉంటుంది, అంతకన్నా తగ్గితే వణికి ఆగిపోతుంది. ఒక చిన్న కారును తీసుకుని లెక్క వేయండి. దాని చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 1.8 మీటర్లు ముందుకు పోతుంది, అంటే గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 185 చుట్లు తిరుగుతుంది. మొదటి గేరులో చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ దాదాపు 14 చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఆ వేగంలో ఇంజిన్ 2,600 చుట్ల దగ్గర హాయిగా పని చేస్తుంది. రెండో గేరులో అది 1,450 ప్రాంతానికి దిగుతుంది. అదే వేగంలో ఐదో గేరు వేశారనుకోండి, ఇంజిన్ 600 చుట్లు కూడా తిరగలేదు, బండి ఎగిరెగిరి పడి ఆగిపోతుంది. చుట్లు ఎన్ని రెట్లు తగ్గుతాయో చక్రాన్ని తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. మొదటి గేరు బలానికి, పై గేర్లు వేగానికి అని డ్రైవర్లు చెప్పే మాటకు లెక్క ఇదే. ఈ లెక్కను తిరగేసి చూస్తే కొండ దిగేటప్పుడు చక్రాన్ని వెనక్కి పట్టి ఉంచే బలం కూడా కింది గేరులోనే ఎక్కువ. ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

తిరుగుతున్న ఇంజిన్‌ను, ఆగి ఉన్న చక్రాన్ని ఒక్కసారిగా కలిపితే ఇంజిన్ ఆగిపోతుంది కాబట్టి రెండింటి మధ్య క్లచ్ అవసరమైంది. బల్ల మీద రెండు క్లచ్ ప్లేట్లు పెట్టాను, ముందు వరుసలోని వారు అందుకుని చూసి వెనక్కి పంపండి. ఒకటి కొత్తది. దాని మీద బూడిద రంగులో గరుకుగా అతికించిన పొర ఉంది, ఆ పొరలోని గుంటల్లో రివెట్ల తలలు లోపలికి దిగి ఉన్నాయి, మధ్యలో కుదుపును మింగే స్ప్రింగులు ఉన్నాయి. ఇంజిన్ వెనక ఉన్న ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి, నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటుకు మధ్య ఈ బిళ్ల నలిగినట్టు పట్టుకుని ఉంటుంది. మనం పెడల్ నొక్కినప్పుడు ఆ పట్టు వదులుతుంది. రెండోది మన ఊరి బండిలోంచే తీసినది. రివెట్ల తలలు పైకి తేలి మెరుస్తున్నాయి చూడండి, గరుకు పొర మాడిన పెనంలా నల్లగా నున్నగా అయిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కాలిన వాసన వస్తుంది. సవ్యంగా వాడితే లక్ష కిలోమీటర్లు నడవగలిగిన ప్లేటు ఇది, 25 వేలకే ఈ గతి పట్టింది. ఆ కారు నడిపే ఉద్యోగికి లీలామహల్ కూడలి దగ్గర గానీ, ఎత్తు ఎక్కే దారిలో వరుసలో గానీ బండి ఆగినప్పుడు బ్రేకు వేసే అలవాటు లేదు. గేరులోనే ఉంచి, క్లచ్ సగం నొక్కి, కొంచెం రేస్ ఇస్తూ బండిని గాల్లో తూచినట్టు నిలబెట్టేవారు. ఆ సమయమంతా ఈ పొర ఫ్లైవీల్ మీద రాసుకుంటూ అరిగింది. దీన్నే మనం హాఫ్ క్లచ్ అంటాం. బండిని కదిలించే రెండు మూడు సెకన్లకు అది అవసరం. నిలబెట్టడానికి మాత్రం కాలి బ్రేకు, హ్యాండ్ బ్రేకు ఉన్నాయి.

క్లచ్‌ను చక్కగా వాడడం ఒక విద్య. అలిపిరి తనిఖీ కేంద్రం దాటి పైకి వెళ్లే వరుసలో ఎత్తు మీద బండి ఆగింది, వెనక జానెడు దూరంలో ఇంకో కారు ఉంది అనుకుందాం. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, మొదటి గేరు వేసి, కొంచెం రేస్ ఇచ్చి, క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ వస్తే ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ ముందు భాగం పిసరంత పైకి లేస్తుంది. ప్లేటు పట్టుకున్నదని బండి మనకు చెప్పే క్షణం అది. అక్కడ కాలిని కదలనీయకుండా ఉంచి హ్యాండ్ బ్రేకు దింపితే బండి వేలెడు కూడా వెనక్కి జారదు. నా విద్యార్థులు ఈ ఒక్క పని పట్టుబడిన రోజున వాళ్ల ముఖంలో కనిపించే వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. మాన్యువల్ గేర్ల మీద మమకారం ఉన్నవాళ్లను నేను పూర్తిగా అర్థం చేసుకోగలను.

చరిత్రను ఎక్కువ సేపు చెప్పను. తొలి రోజుల్లో గేరు మార్చడం ఎంత కష్టమంటే, పళ్ల చక్రాల వేగాలు కలవకపోతే గేరు పడేది కాదు, గరగరమని అరిచేది. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన సింక్రోమెష్ వచ్చాక, ఆ వేగాలను గేరు పెట్టె తనంతట తానే కలుపుకోవడం మొదలైంది. మన పెద్దవాళ్లలో పాత లారీలు నడిపినవారు ఉంటే వారికి డబుల్ క్లచ్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర లేదు. క్లచ్ ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, రేస్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేసేవారు. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉన్న అంబాసడర్లను నడిపిన చేతులు కూడా ఈ సభలో కొన్ని ఉంటాయని అనుకుంటున్నాను.

ఇక ఆటోమేటిక్‌ల విషయానికి వస్తే, ఆ ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు యంత్రాలు అమ్ముడవుతున్నాయి. వాటి మధ్య తేడా తెలియకుండా డబ్బు కట్టడం వల్లే చాలామంది తర్వాత బాధపడుతున్నారు.

మొదటిది టార్క్ కన్వర్టర్ రకం. కుండలో మజ్జిగను కవ్వంతో చిలికితే కవ్వంతో పాటు మజ్జిగ కూడా సుడి తిరుగుతుంది. ఆ సుడిలో ఇంకో కవ్వాన్ని వదులుగా దించితే మజ్జిగే దాన్ని తిప్పుతుంది. ఇందులోనూ అంతే, ఇంజిన్ తిప్పే రెక్కలు నూనెను తిప్పుతాయి, ఆ నూనె ఎదురుగా ఉన్న రెక్కలను తిప్పుతుంది. రెండింటి మధ్య ఇనుము ఇనుముకు తగలదు కాబట్టి, బండి ఆగి ఉన్నా ఇంజిన్ ఆగదు, అరిగిపోయే ప్లేటు లేదు. ద్రవంతో బలాన్ని అందించే ఈ ఉపాయాన్ని జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్ 1905లోనే పేటెంటు చేయించాడు, అదీ ఓడల కోసం. కార్లలో పెద్ద ఎత్తున వచ్చిన మొదటి పూర్తి ఆటోమేటిక్ జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్, 1940 ఓల్డ్స్‌మొబైల్ కార్లలో. రెండు రెక్కల చక్రాల మధ్య మూడోదాన్ని పెట్టి, తిరిగి వచ్చే నూనెను సరైన దిశకు మళ్లిస్తే బయలుదేరేటప్పుడు బలం దాదాపు రెట్టింపు అవుతుంది. అదే టార్క్ కన్వర్టర్. ఎత్తు మీద మెత్తగా కదలడంలో దీనికి సాటి లేదు. ఒకప్పుడు నూనె జారుడు వల్ల పెట్రోలు ఎక్కువ తాగేది. ఇప్పటి పెట్టెల్లో వేగం అందుకోగానే లోపలి లాకప్ క్లచ్ రెండు వైపులనూ గట్టిగా కలిపేస్తుంది కాబట్టి ఆ లోటు చాలావరకు తీరింది.

రెండోది ఏఎంటీ. మన ఊళ్లో మధ్యతరగతి ఇళ్ల ముందు కనిపించే ఆటోమేటిక్‌లలో చాలా భాగం ఇదే. మన దేశంలో 2014లో మారుతి సుజుకి సెలెరియోతో ఇది సామాన్యుడికి అందింది. ఇది అచ్చంగా మామూలు గేరు పెట్టె, మామూలు క్లచ్ ప్లేటు, మీ చేతుల్లో తిరుగుతున్న ఇదే ప్లేటు. కాకపోతే మన కాలు, చేయి చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. మాన్యువల్ కంటే సుమారు 50 వేల రూపాయలు ఎక్కువ పెడితే దొరుకుతుంది, మైలేజీ ఇంచుమించు మాన్యువల్‌తో సమానంగా ఇస్తుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, ఆ క్షణం ఆక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే ఆ కుదుపు తగ్గుతుంది. దీని యజమానులకు నేను చేతులు జోడించి చెప్పే మాట ఒకటుంది. ఎత్తు మీద బ్రేకు వదిలి, ఆక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టవద్దు. లోపల క్లచ్ ఉన్నదన్న సంగతి కంటికి కనిపించదు కాబట్టి చాలామంది ఈ తప్పు చేస్తారు, అది హాఫ్ క్లచ్ తొక్కినట్టే. కొనేటప్పుడు హిల్ హోల్డ్ ఉన్న రకాన్ని ఎంచుకోండి. బ్రేకు నుంచి ఆక్సిలరేటర్‌కు కాలు మారే రెండు సెకన్లు బండిని అదే పట్టుకుని ఉంటుంది.

మూడోదైన డీసీటీ రకంలో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి 1, 3, 5 గేర్లకు, ఇంకొకటి 2, 4, 6 గేర్లకు. ఒక గేరు పని చేస్తుండగానే తర్వాతిది సిద్ధంగా ఉంటుంది కాబట్టి కన్ను మూసి తెరిచేలోగా గేరు మారుతుంది. నూనెలో మునగని పొడి క్లచ్‌లున్న రకాలు పాకుతున్న ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. నాలుగోదైన సీవీటీలో మార్చడానికి పళ్ల గేర్లే లేవు. వెడల్పు మారే రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు జరుగుతూ నిష్పత్తిని నిరంతరంగా మారుస్తుంది. 1958లో నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ రబ్బరు బెల్టుతో దీన్ని కార్లలోకి తెచ్చింది. ఊళ్లో నడపడానికి ఇంత సుఖమైనది ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు దిగుడు దారి సంగతి చెబుతాను. నేను నిజానికి దీని కోసమే ఇక్కడికి వచ్చాను.

తిరుమల సముద్ర మట్టానికి సుమారు 853 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 మీటర్ల ప్రాంతంలో ఉంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి వాడుతున్నాం. అయిదుగురు కూర్చున్న కారు, సామానుతో కలిపి 1,400 కిలోల బరువు, ఈ దాదాపు 700 మీటర్లు దిగిందంటే ఆ ఎత్తులో దాచుకున్న శక్తి ఎటో ఒకవైపు వేడిగా మారాలి. లెక్క వేస్తే 30 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. ఇంట్లో పెళ్లి పనులప్పుడు పొయ్యి మీద పెట్టే పెద్ద డేగిసాను తలచుకోండి. టైర్లు, గాలి కొంత భాగం తీసుకుంటాయి. మిగిలిన సగానికి పైగా వేడిని ఇంజిన్ అయినా తీసుకోవాలి, అరచేతిలో పట్టే నాలుగు బ్రేకు ప్యాడ్లు, వెనక రెండు డ్రమ్ములైనా తీసుకోవాలి. కింది గేరులో ఉంటే ఇంజిన్ తీసుకుంటుంది. పై గేరులోనో, న్యూట్రల్‌లోనో ఉంటే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

పాతికేళ్ల కిందట కుటుంబంతో సహా అద్దె కారులో కొండ దిగుతున్నాను. డ్రైవరు వయసులో చిన్నవాడు, మంచివాడు. మొదటి మలుపులు దాటగానే గేరు రాడ్డును న్యూట్రల్‌లోకి లాగేశాడు. "ఏం నాయనా, గేరు తీసేశావే?" అని అడిగితే "న్యూట్రల్‌లో ఇడిస్తే పెట్రోలు మిగల్తాది సామీ, అందురూ ఇట్లే దిగుతారు" అన్నాడు. గేరులో పెట్టమని చెప్పాను, అతను నవ్వి ఊరుకున్నాడు. నేను గట్టిగా చెప్పలేదు, అది నా తప్పే. సగం దూరం వచ్చేసరికి కాలిన రబ్బరు లాంటి వాసన లోపలికి వచ్చింది. తర్వాతి మలుపు ముందు అతను బ్రేకు తొక్కితే పెడల్ స్పాంజి మీద కాలు వేసినట్టు కిందిదాకా పోయింది. బండి వేగం తగ్గలేదు. "రెండో గేరు వెయ్యి, రేస్ ఇచ్చి వెయ్యి" అని నేను అరిచాను, హ్యాండ్ బ్రేకును నేనే కొంచెం కొంచెంగా లాగాను. గేరు గరగరమని పడింది, బండి ముందుకు వంగి వేగం తగ్గింది, కొండ వైపు కాలువలోకి ఎడమ చక్రాలు దిగి ఆగాం. నా చిన్న కూతురు నా చొక్కా పట్టుకుని ఉన్న పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తూ ఉంటుంది. అరగంట తర్వాత, చక్రాలు చల్లబడ్డాక, అదే పెడల్ మళ్లీ గట్టిగా నిలబడింది. చూసేవాడికి బండిలో ఏ లోపమూ కనిపించదు.

జరిగింది ఏమిటంటే, బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. మనం తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. రెండేళ్లకొకసారి బ్రేకు ఆయిల్ మార్పించండని నేను పట్టుబట్టేది ఇందుకే.

పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం సంగతి కూడా తేల్చాలి. కార్బురేటర్ రోజుల్లో ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండి ఆక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయని కంప్యూటరు గ్రహించి ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ తనంతట తాను తిరగడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో దిగేవాడు పెట్రోలూ పోగొట్టుకుంటున్నాడు, బ్రేకులూ పోగొట్టుకుంటున్నాడు. తాళమే ఆపేసి దిగేవాళ్లను కూడా నేను చూశాను. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయపడే బూస్టరు రెండు మూడు తొక్కుళ్లతో ఖాళీ అవుతుంది, స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. అది ప్రాణాలతో ఆడుకోవడమే.

మాన్యువల్ కారులో దీనికి పరిష్కారం సులభం. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పేవారు. ఇప్పటి కార్లకు బలం ఎక్కువ కాబట్టి అంతకంటే ఒక గేరు తగ్గించుకోండి. మన దిగుడు దారిలో రెండో గేరు, వాలు తక్కువగా ఉన్న చోట్ల మూడో గేరు సరిపోతుంది. వేగం పెరిగిందనిపించినప్పుడు బ్రేకును గట్టిగా ఒకసారి తొక్కి వదలండి, పాదం ఆనించి పెట్టవద్దు. మన ఆర్టీసీ సప్తగిరి బస్సు దిగుతుంటే ఒకసారి చెవి పెట్టి వినండి. ఇంజిన్ ఒకే శ్రుతిలో మూలుగుతూ ఉంటుంది, బ్రేకు శబ్దం మలుపు దగ్గర మాత్రమే వినిపిస్తుంది.

ఆటోమేటిక్ కారులో చాలామంది అలిపిరిలో రాడ్డును డి లో, అంటే మామూలుగా ముందుకు నడిపే స్థానంలో పెట్టి, కొండ ఎక్కి, దర్శనం చేసుకుని, అదే డి లో దిగుతారు. ఎక్కడానికి అది చాలు. దిగేటప్పుడు మనం ఆక్సిలరేటర్ వదిలేస్తాం, వేగం పెరుగుతుంది. ఆ రెండూ కలిపి చూసిన గేరు పెట్టె, ఈయనకు బలం అక్కర లేదు కాబోలు అనుకుని పై గేరుకు పోతుంది. ఇంజిన్ పట్టు పోతుంది. వాలును గుర్తించి కింది గేరులో ఆగే తెలివి కొన్ని కొత్త కార్లకు ఉంది, దాని మీదే భారం వేసి కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఏఎంటీ కారులో రాడ్డును పక్కకు జరిపితే ఎం అనే స్థానం వస్తుంది, అక్కడ మైనస్ వైపు నొక్కుతూ రెండో గేరుకు తెచ్చుకోండి. టార్క్ కన్వర్టర్, డీసీటీ కార్లలో కూడా అటువంటి స్థానమో, 2, ఎల్ అనే అక్షరాలో ఉంటాయి. సీవీటీలో ఎల్ గానీ, బి గానీ, ఎస్ గానీ ఉంటుంది. మీటరులో ఇంజిన్ చుట్లు 2,000 పైకి వెళ్లి శబ్దం పెరిగితే భయపడకండి. ఇంజిన్ పాడవుతుందేమోనని చాలామంది మళ్లీ డి లోకి తెచ్చేస్తారు. ఆ శబ్దం మీ బ్రేకుల బరువును ఇంజిన్ మోస్తున్న శబ్దం.

ఇంత చెప్పాక ఆటోమేటిక్ వద్దంటున్నానని అనుకోకండి. మా అక్కయ్య పుత్తూరు దగ్గర ఒక పాఠశాలకు ఇరవై ఏళ్లు స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్లింది. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేక ఏడాదిన్నర ఎవరో ఒకరు తీసుకువెళ్తే తప్ప గడప దాటలేదు. ఆ ఏడాదిన్నరలో ఆవిడ మాట కూడా తగ్గిపోయింది. ఆటోమేటిక్ కారు వచ్చిన మొదటి వారం తనే నడుపుకుంటూ మా ఇంటికి వచ్చి గేటు ముందు హారన్ కొట్టింది. ఆ రోజు నుంచి, ఆటోమేటిక్ నడిపేవాళ్లు డ్రైవర్లే కాదన్న మాట నా ముందు ఎవరన్నా నేను ఊరుకోను. మోకాళ్ల నొప్పులున్నవారికి, ఎడమ కాలికి బలం లేనివారికి, రోజూ ఊరి మధ్యలో గంటసేపు ఆగి ఆగి నడిపేవారికి ఆటోమేటిక్ సరైన బండి. తక్కువ డబ్బు, ఎక్కువ దూరం, పల్లెల దారులు, దగ్గరలో పెద్ద షెడ్డు లేని చోటు అయితే మాన్యువల్ ఇప్పటికీ నమ్మకస్తురాలు.

మాన్యువల్ నుంచి మారేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటి పది రోజులు ఎడమ కాలిని సీటు వైపు వెనక్కి మడిచి పెట్టుకోండి. అలవాటులో అది క్లచ్ అనుకుని బ్రేకును బలంగా తొక్కుతుంది, వెనక వచ్చేవాడు మనల్ని గుద్దుతాడు. బ్రేకు, ఆక్సిలరేటర్ రెండూ కుడి కాలే చూసుకోవాలి. వాలు మీద ఆపేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు బిగించి, బండి బరువు దాని మీదికి వచ్చాక పి లో, అంటే పార్కింగ్ స్థానంలో పెట్టండి. పి లో బండిని ఆపేది గేరు పెట్టెలోని ఒక చిన్న కొక్కెం మాత్రమే. చాలా ఏఎంటీలలో పి ఉండదు, వాటిని మాన్యువల్ లాగే గేరులో ఉంచి ఇంజిన్ ఆపాలి. బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్టు చేయడం టార్క్ కన్వర్టర్, సీవీటీ బండ్లలో కుదరదు. వాటిని తాడు కట్టి లాక్కుపోకూడదు, ఇంజిన్ తిరగకపోతే లోపల నూనె పంపు పని చేయదు. ఇంజిన్ తిప్పే చక్రాలు, అంటే చాలా చిన్న కార్లలో ముందు చక్రాలు, పైకెత్తి గానీ, బండి మొత్తాన్ని లారీ మీద ఎక్కించి గానీ తీసుకుపోవాలి.

విద్యుత్ కార్ల గురించి రెండు మాటలు. 2022 నుంచి మన కొండ మీదికి ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి, మీలో చాలామంది ఎక్కి ఉంటారు. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి విద్యుత్ కార్లకు క్లచ్ అక్కర లేదు, సాధారణంగా ఒకే నిష్పత్తి చాలు. దిగేటప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి, ఇందాక చెప్పిన డేగిసా నీళ్ల వేడిలో కొంత భాగాన్ని కరెంటుగా బ్యాటరీకి తిప్పి పంపుతుంది. చిన్న కారుకు కొండ దిగేసరికి ఒకటి, ఒకటిన్నర యూనిట్లు తిరిగి వస్తాయి. అయితే పైన బ్యాటరీని నూటికి నూరు శాతం నింపుకుని దిగడం మొదలుపెడితే ఆ కరెంటుకు లోపల చోటు ఉండదు, మోటారు పట్టు తగ్గి భారం మళ్లీ బ్రేకుల మీదికి వస్తుంది. కొండ మీద ఛార్జింగ్ పెట్టేవారు 90 శాతం దగ్గర ఆపేయండి.

వెనక వరుసలో కూర్చున్న అమ్మాయి చీటీ మీద ఒక ప్రశ్న పంపింది. "నేను ఆటోమేటిక్ మీదే నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. నాన్నగారి గేర్ల కారు నడపవచ్చా?" చట్టం ప్రకారం నడపవచ్చు తల్లీ. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవారు ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, మన లైసెన్సులో ఆ తేడా లేదు. కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ బండితో కొండకు వెళ్లవద్దు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎస్వీ విశ్వవిద్యాలయం వైపు ఖాళీగా ఉండే దారుల్లో పది ఉదయాలు నడుపు. ఎత్తు మీద హ్యాండ్ బ్రేకుతో బండి కదిలించడం పదిసార్లకు పదిసార్లూ కుదిరిన రోజున అలిపిరి వైపు వెళ్లు. వీలుంటే అందరూ ముందు మాన్యువల్ నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం, గేరు అంటే ఏమిటో శరీరానికి తెలుస్తుంది. కాలు సహకరించనివారికి మాత్రం ఆ షరతు పెట్టను.

బయట వేప చెట్టు కింద నా కారు ఉంది, ఏఎంటీ. వెనక సీటులో ఇద్దరు, ముందు సీటులో ఒకరు చొప్పున రండి. డి నుంచి ఎం కు ఎలా జరపాలో, రెండో గేరులో పెట్టి కాలు తీసేస్తే బండి ఎలా పట్టుకుంటుందో ఈ వీధి చివర వాలు మీద చూపిస్తాను. పెద్దవాళ్లు ముందు రండి. ఆ క్లచ్ ప్లేట్లు రెండూ బల్ల మీద పెట్టేయండి, రేపు ఇంకో చోట చూపించాలి.